కారుకు ఎర్త్ ఎక్కడుంది?

మా ఇంట్లో నెలసరి సరుకుల చీటీలో కందిపప్పు, చింతపండుతో పాటు అర లీటరు డిస్టిల్డ్ వాటర్ సీసా కూడా ఉండేది. అది కారు బ్యాటరీకి. నాన్న ఉద్యోగం బందరులో, ఇల్లు విజయవాడలో. పొద్దున్నే బయల్దేరి వెళ్లి, చీకటి పడ్డాక అదే రోడ్డు మీద రెండు గంటలు నడుపుకుంటూ తిరిగొచ్చేవారు. ఆదివారం బోనెట్ ఎత్తి బ్యాటరీ మీది ఆరు మూతలూ తిప్పితే, లోపల ప్లేట్ల అంచులు బయటపడి ఉండేవి. "ఎండలు కదా, ఆవిరైపోతోంది" అనేవారు నాన్న. మార్గశిరం చలిలోనూ అంతే దిగిపోతుంటే ఆ మాట నిలబడలేదు.

మూతలు బిగించిన బ్యాటరీలోంచి ఎండ కొంత నీటిని తీసుకుపోగలదు, నిజమే. కానీ నెలకు అర లీటరు తీసుకుపోలేదు. ఆ నీటిని కరెంటు చీలుస్తోంది.

ఈ చీల్చడం విద్యుత్తు చరిత్రలో చాలా పాత సంగతి. 1800 మార్చిలో ఇటలీ నుంచి వోల్టా తన కొత్త బ్యాటరీ గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. రెండు నెలలు తిరక్కుండానే, మే నెలలో, నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు అలాంటి బ్యాటరీనే కట్టి, దాని తీగలు నీటిలో ముంచి, ఒక కొసన హైడ్రోజన్, రెండో కొసన ఆక్సిజన్ పుట్టడం చూశారు. కారు బ్యాటరీలో జరిగేదీ అదే. ఆల్టర్నేటర్ పంపే కరెంటు ముందుగా ప్లేట్ల మీది సీసపు సల్ఫేటును మళ్లీ సీసంగా, సీసపు డయాక్సైడుగా మారుస్తుంది. దాన్నే మనం చార్జింగ్ అంటాం. మార్చడానికి ఇంకేమీ మిగలనప్పుడు కూడా కరెంటు తోస్తూనే ఉంటే, అది నీటి మీద పడుతుంది.

ఎంత కరెంటుకు ఎంత నీరు పోతుందో ఫారడే సూత్రం తేల్చి చెబుతుంది. అవసరానికి మించి వెళ్లిన ప్రతి ఆంపియర్-గంటకూ ఒక్కో సెల్లులో గ్రాములో మూడోవంతు నీరు విడిపోతుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీలో సెల్లులు ఆరు, ఒకదాని వెనక ఒకటి. కాబట్టి మొత్తం రెండు గ్రాములు. అర లీటరంటే 500 గ్రాములు, అంటే 250 ఆంపియర్-గంటలు. నాన్న రాత్రి ప్రయాణం నెలకు 25 రోజులు, రోజుకు రెండు గంటలు. 250ని 50తో భాగిస్తే సగటున 5 ఆంపియర్లు. ఆవిరిగా, తుంపరగా పోయేది కొంత ఉంటుంది కనుక ఇది అంచనా మాత్రమే. అయినా ఈ లెక్క కట్టిన రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తాజాగా ఉంది. మీటరు పెట్టకుండా, కేవలం నీళ్ల సీసాను బట్టి, కారు ఎన్ని ఆంపియర్లు వృథాగా తోస్తోందో తెలిసిపోయింది! రాత్రి ప్రయాణాన్నే ఎందుకు లెక్కలోకి తీసుకున్నానో కాసేపట్లో చెబుతాను. అసలు రహస్యం అక్కడే ఉంది.

ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ నిండుగా చార్జయి, కొన్ని గంటలు ఊరుకున్నాక 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గర సగమే నిండినట్టు లెక్క. ఇంజను తిరుగుతున్నప్పుడు మాత్రం 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. లోపలికి తొయ్యాలంటే లోపలున్న దానికన్నా ఎత్తున ఉండాలి కదా. సెల్లుకు 2.4 చొప్పున మొత్తం 14.4 దాటితే బుడగలు జోరందుకుంటాయి. 15 దాటితే బ్యాటరీ ఉడుకుతున్నట్టు చప్పుడు చేస్తుంది, మూతల దగ్గర ఘాటైన పుల్లని వాసన వస్తుంది. పైగా బ్యాటరీ వేడెక్కే కొద్దీ ఈ హద్దు కిందికి దిగుతుంది, డిగ్రీకి రమారమి 0.02 వోల్టు చొప్పున. చలిదేశంలో పనికొచ్చే 14.6 వోల్టులు మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో తిరిగే కారుకు మెల్లని విషం. మన వేసవికి 14.0, 14.2 చాలు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. బ్యాటరీ ఉడుకుతోందని చార్జింగు మీదే నేరం మోపకూడదు. ఆరింటిలో ఒక సెల్లు లోపల షార్టయితే మిగిలిన ఐదూ ఆరింటి వోల్టేజీని మోయాల్సి వస్తుంది, అవీ ఉడుకుతాయి. అప్పుడు ఇంజను ఆపి, కాసేపు ఆగి చూస్తే 12.6కి బదులు పదిన్నర దగ్గర కనబడుతుంది. హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లూ పీల్చి చూస్తే ఒకదాంట్లో బుడ్డి అడుక్కి కూర్చుంటుంది. అది బ్యాటరీ జబ్బు. మా కారులో ఆరు సెల్లులూ సమానంగా ఉన్నాయి, ఆరూ సమానంగా ఎండిపోతున్నాయి.

ఇక ఆల్టర్నేటర్ సంగతి. మన మెకానిక్కులు దాన్ని ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు, కానీ రెండూ ఒకటి కావు. పాత డైనమోలో కరెంటు పుట్టే చుట్ట తిరుగుతుంది. ఆల్టర్నేటర్‌లో అయస్కాంతం తిరుగుతుంది, కరెంటు పుట్టే చుట్ట కదలకుండా చుట్టూ నిలబడి ఉంటుంది. ఆ తిరిగే అయస్కాంతం కూడా శాశ్వతమైంది కాదు. చిన్న కార్బన్ బ్రష్షుల ద్వారా మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు ఇస్తేనే అయస్కాంతమవుతుంది. దీన్ని ఫీల్డ్ కరెంటు అంటారు. ఇంత చిన్న కరెంటును పెంచితే, తగ్గిస్తే, బయటికొచ్చే నలభై ఆంపియర్ల ప్రవాహం పెరుగుతుంది, తగ్గుతుంది. కాలువ తూము దగ్గర లస్కరు చేసే పని ఇక్కడ రెగ్యులేటర్ చేస్తుంది. వోల్టేజీ తక్కువనిపిస్తే ఫీల్డ్ తెరుస్తుంది, ఎక్కువనిపిస్తే మూస్తుంది. ఇప్పటి కార్లలో అది ఆల్టర్నేటర్ వీపు మీదే ఉంటుంది. 1980ల నాటి మా కారులో అరచేతిలో పట్టేంత రేకు పెట్టె, ఇంజను గదిలో బ్యాటరీ పక్క రేకుకు రెండు స్క్రూలతో బిగించి ఉండేది. పాత అలవాటు కొద్దీ దాన్ని కటౌట్ అనేవారు.

ఆ కటౌట్ రెండేళ్లలో మూడుసార్లు మార్చాం. ప్రతిసారీ కొత్తది బిగించి, ఇంజను రేజ్ చేసి, మీటరు చూపించి, "14.4 వస్తోంది, పర్లేదు" అని పంపేసేవారు. నెల తిరిగేసరికి నీళ్లు మళ్లీ మామూలే. వెనక బల్బులు, డాష్‌బోర్డు బల్బులు రెండు మూడు నెలలకొకటి మాడిపోయేవి. విచిత్రంగా ముందు హెడ్‌లైట్లు మాత్రం ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదు.

అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. చేతిలో కొత్త మల్టీమీటరు. ఒక సాయంత్రం కారును విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాం. నేను గర్వంగా మీటరు తీసి బ్యాటరీ మీద పెట్టాను. ఇంజను రేజ్ చేస్తే 14.4. "చూడండి, సరిగ్గానే ఉంది" అన్నాను. ఆయన నాన్న వైపు తిరిగి, "హెడ్‌లైట్లు వెయ్యండి సార్" అన్నారు. నాన్న వేశారు. 15.2.

లైట్లు వేస్తే వోల్టేజీ పెరిగింది. ఈ ఒక్క వాక్యం దగ్గర పాఠకులు కాసేపు ఆగాలి. లైట్లు భారం. భారం పడితే వోల్టేజీ ఎంతో కొంత తగ్గాలి, లేదా రెగ్యులేటర్ సర్దుకుని అక్కడే నిలబెట్టాలి. పెరగడానికి దారేలేదు. నేను మీటరు చెడిందనుకున్నాను. (మీటరు లోపలి తొమ్మిది వోల్టుల సెల్లు అయిపోవస్తే నిజంగానే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అధిక చార్జింగ్ అని గాభరా పడేముందు ఆ సెల్లు మార్చి చూడాలి.) కానీ ఆ రోజు సెల్లు కొత్తది.

"మీటరు చెప్పేది సరే గానీ బాబూ, దాని రెండు కాళ్లూ ఎక్కడ పెట్టావు?" అని అడిగారాయన. ఎర్ర మొన బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల మొన నెగటివ్ మీద అన్నాను. "నీ మీటరు నెగటివ్ చూస్తోంది. కటౌట్ ఎక్కడ చూస్తోందో అక్కడ పెట్టు" అన్నారు. నల్ల మొన తీసి కటౌట్ రేకు మీద ఆనించాను. 14.2! రెగ్యులేటర్ తన పని తాను చక్కగా చేస్తోంది. తనకు కనబడేది 14.2 కాబట్టి అది తృప్తిగా ఉంది. బ్యాటరీ మీద పడేది మాత్రం 15.2. మధ్యలో ఒక వోల్టు ఎక్కడో దాగి ఉంది.

ఆ వోల్టు దాగింది ఎర్త్‌లో. ఎర్త్ అనే మాటే ఇక్కడ మనల్ని దారి తప్పిస్తుంది. ఇంటికి ఎర్త్ అంటే పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి, పైపు పాతి, వేసవిలో నీళ్లు పోసేది. అది నిజంగా భూమే. కారు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, దానికీ నేలకూ సంబంధం లేదు. కారులో ఎర్త్ అంటే బాడీ రేకు. ప్రతి బల్బుకూ వెళ్లే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి వేస్తే రాగి ఖర్చు రెట్టింపవుతుంది. అందుకని బ్యాటరీ ఒక కొసను బాడీకి బిగించేసి, తిరుగు దారిగా ఆ రేకునే వాడుకుంటారు. ఒకప్పటి ఇంగ్లీషు కార్లలో పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. ఇప్పుడందరూ నెగటివే. ఏ కొస అయినా, వెళ్లిన కరెంటు అంతా, ఒక్క ఆంపియరూ తగ్గకుండా, ఆ దారిన బ్యాటరీకి తిరిగి రావలసిందే. మనం పాజిటివ్ తీగలకు రంగులు వేస్తాం, ఫ్యూజులు పెడతాం, పటాలు గీస్తాం. తిరుగు దారికి మాత్రం పటంలో మూడు చిన్న అడ్డగీతలు గీసి వదిలేస్తాం. ఆ మూడు గీతలను చూసి అక్కడ వోల్టేజీ సున్నా అని నమ్మేస్తాం.

అది సున్నా కాదు. వోల్టేజీ అనేది ఒక చోట ఉండే గుణం కాదు, రెండు చోట్ల మధ్య తేడా. మేడ ఎంత ఎత్తు అంటే ఎక్కడి నుంచి అని అడగాలి. మా కటౌట్ తన ఎత్తును తన కాళ్ల కింది నేల నుంచి కొలుచుకుంటోంది. ఆ నేలే ఒక వోల్టు పైకి లేచి ఉంది.

ఎలా లేచిందో చూడడానికి మేస్త్రి కటౌట్ స్క్రూ ఒకటి విప్పారు. ఆ ఒక్క స్క్రూ కిందే రెండు హెడ్‌లైట్ల ఎర్త్ తీగలూ బిగించి ఉన్నాయి. రేకు మీద ఎర్ర తుప్పు, తీగ కొసల మీద పచ్చని చిలుము. ఆ అతుకు నిరోధం ఓములో పదోవంతు అనుకోండి. హాలోజన్ లైట్లు వేస్తే దాని గుండా పోయే కరెంటు రమారమి పది ఆంపియర్లు. ఓమ్ సూత్రం ప్రకారం పదిని పదోవంతుతో హెచ్చిస్తే ఒక వోల్టు. పగలు లైట్లు లేవు కాబట్టి ఆ దారిలో కరెంటు దాదాపు లేదు, తప్పు బయటపడదు. చార్జింగ్ పగలే చూసి పంపేసిన వాళ్లందరికీ అంతా బాగానే కనబడింది. నాన్న ఇంటికి తిరిగొచ్చే రెండు గంటలే బ్యాటరీ ఉడికేది.

హెడ్‌లైట్ల చిక్కుముడి కూడా దీంతోనే విడిపోయింది. వాటి కరెంటు కూడా ఆ చెడ్డ అతుకు మీదుగానే తిరిగొస్తుంది కనుక వాటికి దక్కింది 14.2 వోల్టులే. వెనక బల్బులకు ఎర్త్ డిక్కీలో వేరే చోట ఉంది, ఆ అతుకు బాగుంది. అందుకని వాటి మీద 15.2 పూర్తిగా పడేది. తీగ బల్బు ఆయుష్షు వోల్టేజీకి ఎంత సున్నితమంటే, ఏడు శాతం పెరిగితే సగానికన్నా తగ్గిపోతుంది. కాంతి మాత్రం పాతిక శాతం పెరుగుతుంది. మా బ్రేక్ లైట్లు భలే వెలుగుతాయని వీధిలో పేరుండేది.

రెగ్యులేటర్ వేరుగా ఉన్న పాత కార్లలో బ్యాటరీ ఉడకడానికి ఇదొక దారి. దానికి వోల్టేజీ చూపించే పాజిటివ్ తీగ ఇగ్నిషన్ స్విచ్ గుండా వస్తుంటే, ఆ స్విచ్ లోపలి కాంటాక్టులు మాడినా ఇదే ఫలితం. ఆల్టర్నేటర్ లోపలే రెగ్యులేటర్ ఉన్న కార్లలో కథ తలకిందులవుతుంది. అది ఇంజను మీద కూర్చుని ఇంజనుతో పోల్చి కొలుస్తుంది. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చెడితే, తన దగ్గర 14.2 ఉందని అది అనుకుంటుంది, బ్యాటరీకి చేరేది 13.2 మాత్రమే. తుప్పు ఒకటే, ఒక కారులో బ్యాటరీ ఉడుకుతుంది, ఇంకో కారులో పస్తుంటుంది.

మా విషయంలో ఇంకో దారుణం ఉంది. బ్యాటరీ ఉడికినప్పుడు లేచే బుడగలు పగిలి, సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని సన్నని తుంపరగా బయటికి చిమ్ముతాయి. ఆ తుంపర పడేది బ్యాటరీ పక్క రేకు మీదే, ఎర్త్ స్క్రూ ఉన్న చోటే. అతుకు చెడితే చార్జింగ్ పెరుగుతుంది, చార్జింగ్ పెరిగితే ఆమ్లం చిమ్ముతుంది, ఆమ్లం చిమ్మితే అతుకు ఇంకా చెడుతుంది. దానికి బందరు ఉప్పుగాలి తోడు. మూడో కటౌట్ మొదటిదానికన్నా తొందరగా "పాడైనట్టు" ఎందుకు కనిపించిందో అప్పుడర్థమైంది. మేం మార్చిన మూడు కటౌట్లలో ఒక్కటి కూడా పాడవలేదు. మూడింటినీ అదే తుప్పు మీద నిలబెట్టాం.

ఎర్త్ జబ్బుకు ఇతర లక్షణాలు చూస్తే దయ్యం పట్టినట్టుంటాయి. బ్రేకు తొక్కితే ఒక పక్క లైటు ఎర్రగా మసకబారి, ఎదుటి పక్క పార్కింగ్ లైటు వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు దాంతో పాటు మినుకుతుంది. అసలు కారణం ఇది: ఆ లైటు బుడ్డి ఎర్త్ ఊడిపోయింది. బ్రేక్ ఫిలమెంటులోంచి వచ్చిన కరెంటుకు ఇంటిదారి మూసుకుపోయింది. అదే హోల్డరులో ఉన్న పార్కింగ్ ఫిలమెంటులోకి వెనకనుంచి దూరి, దాని తీగ వెంట వెళ్లి, అవతలి పక్క బల్బు మీదుగా బాడీని చేరుకుంటుంది. దారి మూస్తే కరెంటు ఆగిపోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇదే ప్రమాదమవుతుంది. స్టార్టర్ మోటారు 150 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే లాగుతుంది. ఇంజను ఎర్త్ పట్టీ తెగిపోతే ఆ కరెంటు మొత్తం యాక్సిలరేటర్ తీగ, చోక్ తీగ గుండా తిరిగొస్తుంది. సెల్ఫ్ కొట్టగానే చోక్ తీగ తొడుగు పొగలు కక్కితే అది చోక్ జబ్బు కాదు.

ఇలాంటి అతుకును పట్టుకోవడానికి మీటరును ఓముల మీద పెట్టి చూడడం వృథా. మీటరు తీగలకే రెండు మూడు పదోవంతుల ఓముల నిరోధం ఉంటుంది, మనం వెతికేది అంతకన్నా చిన్నది. పైగా ఆ కొలతలో మీటరు పంపేది ఎక్కడో మిల్లీఆంపియర్ల కరెంటు. పట్టీలో ఒక్క రాగి పోగు మిగిలి ఉన్నా దానికి చాలు, "బాగుంది" అనేస్తుంది. కరెంటు నిజంగా పారుతున్నప్పుడు ఎంత వోల్టేజీ పోతోందో చూడాలి. ఇంజను నడుస్తూ, హెడ్‌లైట్లు, వైపర్లు వేసి ఉంచి, మీటరు నల్ల మొన బ్యాటరీ నెగటివ్ దిమ్మ మీద (క్లాంప్ మీద కాదు, సీసపు దిమ్మ మీదే) పెట్టి, ఎర్ర మొనను వరసగా క్లాంప్ మీద, బాడీ మీద, ఇంజను మీద, రెగ్యులేటర్ రేకు మీద ఆనిస్తూ పోవాలి. వోల్టులో పదోవంతు లోపల ఉంటే ఆ దారి మంచిది. ఎక్కడ అంకె ఎగిరితే దానికీ, ముందు ముట్టిన చోటుకూ మధ్య ఉంది తుప్పు. ఇంజను పట్టీని మాత్రం సెల్ఫ్ కొడుతూ చూడాలి, అప్పుడే దాని మీద భారం పడేది.

మేస్త్రికి ఇదంతా అక్కర్లేకపోయింది. రెండు కొసలా క్లిప్పులున్న లావుపాటి తీగ ఒకటి ఆయన భుజం మీద వేలాడుతుండేది. ఒక క్లిప్పు కటౌట్ రేకుకు, రెండోది బ్యాటరీ నెగటివ్‌కు తగిలించారు. నా మీటరులో 15.2 కాస్తా 14.3కి దిగింది. ఇంజను మోత కూడా చిన్నగా తేలికపడింది. అలా తగిలించినా దిగకపోతే పాజిటివ్ తీగ వెతకాలి, రెండు దారులూ శుభ్రంగా ఉండి కూడా 15 దాటుతుంటే అప్పుడు రెగ్యులేటర్‌నో, ఫీల్డ్ తీగ ఎక్కడైనా బాడీకి తగులుతోందేమోననో అనుమానించాలి. ఆ వరస తప్పితే మంచి సామాను మారుస్తూ కూర్చుంటాం.

ఒక పని మాత్రం ఎవరు చేయమన్నా చేయకండి. చార్జింగ్ ఉందో లేదో చూడడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ క్లాంప్ పీకేయడం చాలాచోట్ల చూశాను. పాత డైనమో రోజుల నుంచి వచ్చిన అలవాటది. ఆల్టర్నేటర్‌కు బ్యాటరీయే ఊతం. అది ఒక్కసారిగా పోతే ఆ క్షణంలో వోల్టేజీ పదుల వోల్టులు పైకి ఎగిరి, లోపలి డయోడ్లనూ, కారులో ఎలక్ట్రానిక్స్ ఉంటే వాటినీ చంపేస్తుంది. రెండో ప్రమాదం ఇంకా పెద్దది. ఉడికిన బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉంటుంది. గాలిలో నూటికి నాలుగు వంతులు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఇంజను ఆపి, బోనెట్ తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చి, ముందు నెగటివ్ క్లాంప్ విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న బిగించాలి. ముందే పాజిటివ్ విప్పబోతే, స్పానర్ పొరపాటున బాడీకి తగిలిన క్షణంలో బ్యాటరీ మొత్తం షార్టవుతుంది.

ఆ సాయంత్రం మేస్త్రి రేకును గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్దారు. దానికి ముందు ఆమ్లం విరగడానికి సోడా ఉప్పు నీళ్లతో కడిగించారు. హెడ్‌లైట్ల తీగలకు కొత్త కొసలు వేసి, వేరే స్క్రూకు మార్చారు. కటౌట్ రేకు నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా విడిగా ఒక నల్ల తీగ లాగారు. అతుకులన్నీ బిగించాక పైన వాజలీన్ పూశారు. లోహం లోహాన్ని తాకాక పూయాలి, ముందు పూస్తే లాభం లేదని నాకు చూపించి మరీ. లైట్లు వేసి మళ్లీ కొలిస్తే బ్యాటరీ మీద 14.2, నెగటివ్‌కూ కటౌట్ రేకుకూ మధ్య 0.03. తీసుకున్నది తీగ ఖరీదు, కొంత కూలీ.

నెల తర్వాత ఆదివారం నాన్న ఎప్పటిలాగే సీసా పట్టుకుని బోనెట్ ఎత్తారు. ఆరు మూతలూ విప్పి, వంగి ఒక్కోదాంట్లోకి తొంగిచూసి, మూతలు మళ్లీ బిగించేసి, సీల్ తీయని సీసాను అలాగే ఇంట్లోకి తెచ్చి అటక మీద పెట్టారు.